వెనకబడ్డావు చెల్లీ

ఏడాదిపాటు కడుపులో నిప్పులు దాచుకుని పైకి నవ్వడమంటే మాటలా? పెద్దకోడలు నవ్వింది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఒకే ఆసుపత్రి బట్టల గదిలో తోడికోడలితో భుజాలు రాసుకుంటూ, "చెల్లీ, ఆ దుప్పటి కొస కాస్త పట్టుకోవే" అంటూనే నవ్వింది.

అంత కసి ఎందుకంటారా? ఆసుపత్రిలో పనిచేసే ఆడవాళ్లకు ఒక పరుగు జట్టు ఉంది. అందులో చోటు దొరికితే ఏడాదంతా రాత్రి డ్యూటీ ఉండదు. పోయినేడాది ఉన్నది ఒక్క చోటు, పోటీపడింది వీళ్లిద్దరు. ఆరు రౌండ్లు పరిగెత్తాలి, రౌండుకూ రౌండుకూ మధ్య కాస్త ఊపిరి తీసుకోవచ్చు. అన్ని రౌండ్ల సమయం కలిపి ఎవరిది తక్కువైతే చోటు వాళ్లది. జట్టును పరిగెత్తించే మాస్టారికో పట్టింపు ఉంది. పరిగెత్తే మనిషి చేతికి వాచీ ఉండకూడదు, మాటిమాటికీ చూసుకుంటే అడుగు తడబడుతుందంటాడు. అందుకని రెండోమనిషి వాచీ పెట్టుకుని గీత దగ్గర నిలబడి, రౌండు అవగానే మీట నొక్కి, ముందున్నావో వెనకున్నావో కేకేసి చెప్పాలి.

అప్పుడు చిన్నకోడలు ముందు పరిగెత్తేసింది. పెద్దకోడలి వంతు వచ్చేసరికి గీత దగ్గర నిలబడి, "నాకంటే ముందున్నావక్కా, నిదానించు, ఊపిరి దాచుకో" అని ప్రతి రౌండుకూ తియ్యగా చెప్పింది ఆ మహాతల్లి. ఈ పిచ్చిమాలోకం నమ్మి నిదానించింది. చోటు కాస్తా పోయింది. ఇంటికెళ్లి వాచీలో పడిన రౌండ్లను ఫోనులో చూసుకుంటే, మొదటినుంచీ తను వెనకే ఉంది. అప్పట్నుంచి చిన్నకోడలు ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోతుంటే, పెద్దకోడలు తెల్లవార్లూ ఆవిరిలో ఉడుకుతూ పక్కదుప్పట్లు ఇస్త్రీ చేసింది. ఎవరితోనూ అనలేదు. అంటే కసి చల్లారిపోతుందేమోనని ఆవిడ భయం.

ఈ ఏడాది మళ్లీ అదే పోటీ. ఈసారి పెద్దకోడలిది మొదటి వంతు. చెవుల్లో ఇంత దూది కుక్కుకుని, "చలిగాలి పడదు మాస్టారూ" అంది. గీత దగ్గర చిన్నకోడలు ఏమేం కేకలేసిందో ఆ దేవుడికే తెలియాలి. ఈవిడ మాత్రం కుక్క తరుముతున్నట్టు పరిగెత్తింది. మాస్టారు వాచీ చూసి నోరెళ్లబెట్టాడు.

తర్వాత దూది తీసి పారేసి వాచీ తన చేతికి కట్టుకుంది. 'ఉండు, నీ పని పడతాను' అనుకుంది. వెనకబడ్డావని బెదరగొడితే మొదటి రెండు రౌండ్లలోనే సత్తువంతా పారబోసుకుని చతికిలబడుతుందని ఆవిడ లెక్క.

మొదటి రౌండు ఇద్దరిదీ సమానం. "వెనకబడ్డావు చెల్లీ, బాగా వెనకబడ్డావు" అంది. చిన్నకోడలి మొహం పాలిపోయింది. పెద్దకోడలి ప్రాణానికి హాయిగా ఉంది.

రెండో రౌండు చిన్నకోడలు ఇంకా వేగంగా వచ్చింది. "ఇంకా వెనకే" అంది పెద్దకోడలు. మూడోది అంతకంటే వేగం. ఇదిగో ఇప్పుడు పడుతుంది, అదిగో అప్పుడు పడుతుంది అని చూస్తోంది గానీ ఆ పిల్ల పడితేనా. అక్కడితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఏడాది కోపం, నోటికి రుచి తగిలింది. "కాళ్లకేమొచ్చిందే? పడుకుని పడుకుని ఒళ్లు బరువెక్కిందా?" అని మీట నొక్కినప్పుడల్లా దులిపేసింది. తిట్టేకొద్దీ చిన్నకోడలు ఏడుస్తూ పరిగెత్తింది, ఏడ్చేకొద్దీ వేగం పెంచింది.

ఆఖరి రౌండు ముగించి గడ్డిలో కూలబడి, "పోయింది కదక్కా" అని వెక్కింది.

మాస్టారు వాచీ తీసుకుని చూశాడు. "పోయిందని ఎవరన్నారు? మొదటి రౌండు సమానం, తర్వాత ప్రతి రౌండూ నువ్వే ముందు. చోటు నీదే." పెద్దకోడలి వైపు తిరిగి మురిసిపోయాడు. "ఉన్నదున్నట్టు చెబితే ఈ పిల్ల నిదానించి ఓడిపోయేది. భలే పరిగెత్తించావమ్మా. ఇకనుంచి ఈమె ఎక్కడ పరిగెత్తినా గీత దగ్గర నువ్వే నిలబడాలి."

నిజం చెప్పి ఉంటే పెద్దకోడలే గెలిచేది. అబద్ధమాడి తన చోటు తనే ఆ పిల్ల చేతిలో పెట్టింది.

మాస్టారు వెళ్లాక చిన్నకోడలు కళ్లు తుడుచుకుని అడిగింది. "పోయినేడాది సంగతి నీకు తెలుసా అక్కా?"

"ఆ రోజే తెలుసు."

"మరి ఒక్కమాటైనా అనలేదే."

"ఇవాళ అన్నానుగా, ఆరుసార్లు."

చిన్నకోడలు తల దించుకుని, లేపమన్నట్టు చెయ్యి చాపింది. పెద్దకోడలు ఆ చెయ్యి పట్టి, భుజం ఊడొచ్చేలా ఒక్క గుంజు గుంజి నిలబెట్టింది.

"పద, ఇంటికెళ్లి పడుకో. డ్యూటీకి నేను పోవాలి."