పాట పనికిరాని వంటిల్లు

ఓరీసియా ఇంట్లో పెరోగీలు చేసే పనికి ఇద్దరు ఆడవాళ్ళు వస్తారు. వెనకవాకిట్లో మంచు దులుపుకుని, చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నారంటే మధ్యాహ్నం దాకా లేవరు. పిండి పల్చగా ఒత్తి, లోపల బంగాళాదుంప ముద్ద పెట్టి, కజ్జికాయలా మడిచి అంచులు నొక్కడమే పని. కెనడాలోని సస్కటూన్ ఊళ్ళో వాళ్ళ చర్చి జనమంతా క్రిస్మస్‌కి ఆవిడ దగ్గరే కొంటారు.

ఆ వంటింట్లో ఎన్ని కబుర్లైనా చెప్పుకోవచ్చు. ఎవరి కోడల్నైనా తీరిగ్గా ఆడిపోసుకోవచ్చు. పాట మాత్రం పాడకూడదు. పనిలో చేరిన రోజునే ఓరీసియా వేలు చూపించి మరీ చెప్పింది.

"ఇదెక్కడి చోద్యమే! మన ఉక్రెయిన్ ఆడవాళ్ళం నోరు కుట్టేసుకుని పెరోగీలు చెయ్యాలా యజమానమ్మా?" అంది ఆ ఇద్దరిలో ఒకతైన నెట్టీ. చిన్నప్పటి స్నేహితురాలు కాబట్టి ఆమెకా చనువుంది.

"కుట్టుకోనక్కర్లేదు, మూసుకుంటే చాలు."

కారణం వంటింటి పక్కగదిలో ఉంది. ఆవిడ భర్త వసీల్. ఒకప్పుడు చర్చిలో ఆయన గొంతెత్తితే పసిపిల్లలు కూడా ఏడుపు మానేవారు. పక్షవాతం వచ్చి కుడిచేతితో పాటు మాటనూ పట్టుకుపోయింది. చెప్పినవన్నీ అర్థమవుతాయి, బదులివ్వబోతే ఒక్క మాట పెగలదు. పొద్దస్తమానం "ఓరీసియా!" అని ఇల్లెగిరిపోయేలా కేకలేసిన మనిషి, ఇప్పుడేం కావాలన్నా గోడ మీద తడతాడు. అది విన్నప్పుడల్లా ఆవిడ ప్రాణం ఉసూరుమంటుంది. ఆ నోట తన పేరు ఇంకొక్కసారి వినిపించు స్వామీ, మరేమీ అడగను అని రోజూ ప్రార్థించేది. పాట వింటే పోయిన గొంతు గుర్తొచ్చి ఆయన కుమిలిపోతాడని ఆవిడ భయం. అందుకే పని జరుగుతున్నంతసేపూ ఆ గది తలుపు మూసి ఉంచేది. మాట రాక తడబడే మొగుణ్ణి నలుగురికీ చూపించడం ఇష్టం లేకపోవడమూ ఉందిలెండి, దాచడమెందుకు.

క్రిస్మస్ వారంలో ఓ పూట ఆవిడ పెరోగీల పెట్టెలన్నీ చర్చికి చేర్చి వచ్చి, వెనకవాకిట్లో అడుగు పెట్టేసరికి లోపల పాట! పెళ్ళిళ్ళలో పాడే పాత పాట, చివరి చరణంలో ఉంది. నేనిలా గడప దాటానో లేదో అలా మొదలెట్టారన్నమాట అని ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కోటు కూడా విప్పకుండా తలుపు తోసింది.

పాటలో మగగొంతు ఉంది.

రేడియో ఏమో అనుకుంది. కాదు. వసీల్ బల్ల దగ్గర కూర్చుని, ఎడమచెయ్యి పిండిలో పెట్టి, ముఖం పైకెత్తి పాడుతున్నాడు. కూనిరాగం కాదండీ, మాటలు! ఒక్కటి కూడా పొల్లుపోకుండా, స్పష్టంగా, నిన్న కూడా పాడినంత హాయిగా. కొత్తగా చేరిన డోరిస్ కళ్ళు తుడుచుకుంటూనే పక్కన గొంతు కలుపుతోంది.

"తిట్టకే," అంది నెట్టీ గుసగుసగా. "మొదలెట్టింది నేనే. మేం పిలవలేదు, ఒట్టు. తలుపు తీసుకుని, గోడ పట్టుకుని తనే వచ్చాడు."

ఓరీసియా తిట్టే స్థితిలో లేదు. మాట రాని మనిషికి పాట రావడమేమిటి! ఇన్నాళ్ళూ ఆ గొంతు ఆయనలోనే ఉందా? దేవుడా, తలుపు వేసింది నేనేనా? అక్కడే బీరువాకి ఆనుకుంది.

పాట అయిపోయింది. వసీల్ భార్యను చూసి ఏదో చెప్పబోయాడు. పెదవులు వణికాయి, ఏమీ రాలేదు. ఉక్రోషంతో బల్ల మీద ఒక్కటి చరిచాడు.

"ఆపకండి! మళ్ళీ ఎత్తుకోండి!" అని అరిచింది ఓరీసియా.

"పిండి ఎండిపోతుందండీ..." అంది డోరిస్.

"ఎండితే పారేద్దాం. పాడవే నా తల్లీ!"

ముగ్గురూ ఎత్తుకున్నారు. ఆ పాటలో పెళ్ళికొడుకు వాకిట్లో నిలబడి పిల్లని పేరు పెట్టి పిలిచే చోటొకటుంది. ఎవరి పెళ్ళిలో పాడితే ఆ పిల్ల పేరు అక్కడ వేస్తారు. సరిగ్గా అక్కడికి రాగానే నెట్టీ కావాలనే నోరు మూసుకుని, డోరిస్‌ని డొక్కలో పొడిచింది. వసీల్ ఒక్కడే మిగిలాడు.

"ఓరీసియా..." అని రాగం తీసి పిలిచాడు.

"ఆఁ, వస్తున్నానయ్యా!" అంటూ పరుగెత్తింది ఆవిడ.