హంసకు ఒక వాక్యం

“ఈ బల్ల భోజనాలకా, కాగితాలకా? అరగంట నుంచి అడుగుతున్నా, బెల్లం కొట్టిన రాయిలా పలకవేం?” పళ్ళాలు పట్టుకుని నిలబడే ఉంది అత్తగారు.

“ఒక్క వాక్యం మిగిలింది అత్తయ్యా. మీరు అటు చివర పెట్టుకోండి.”

“అటు చివర నీ కూతురు పుస్తకాలు పరిచింది.”

“మరి నేనెక్కడ రాసుకోను నానమ్మా? మూడొంతుల బల్ల అమ్మదేగా!”

“ఇంతకీ ఇదంతా ఎవరు చదువుతారమ్మా?” అంది అత్తగారు విసుగ్గా.

“మనుషులు కాదులే అమ్మా, యంత్రం చదువుతుంది. వదినిప్పుడు యంత్రాలకు పంతులమ్మ” అన్నాడు సోఫాలో పడుకున్న మరిది.

నవ్వులాటకు అన్నా అందులో నిజం ఉంది. రోగపరీక్షల ల్యాబులో ఆ కోడలిది పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం. స్లైడు మీది కణాలను ఫొటో తీసి, సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేసి, లెక్కకట్టి డాక్టరుకు పంపాలి. ఇకమీదట ఆ సాఫ్ట్‌వేర్‌ను తనంతట తానే పనిచేసుకుపోయే ఏఐ ఏజెంటు నడుపుతుందట. అందులో ఏమేం కమాండ్లున్నాయని అది అడగ్గానే జాబితా చేతికిచ్చే ఒక చిన్న టూల్ కూడా తయారైంది. జాబితాలో ప్రతి కమాండు పక్కన అదేం చేస్తుందో, ఎప్పుడు వాడకూడదో ఒక్క వాక్యంలో ఉండాలి. ఆ రాతపని ఈమె మీద పడింది. రెండువందల పైచిలుకు రాసేసింది. హంస అనే కమాండు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

హంసను రాసింది ఆమె భర్త. అదే ల్యాబులో పనిచేసేవాడు, పోయి పదకొండు నెలలైంది. ఫొటోలో కణాల వెనక పేరుకున్న మరకలను తీసేస్తుంది కాబట్టి, పాలనూ నీళ్ళనూ వేరుచేసే పక్షి పేరే దానికి పెట్టుకుని మురిసిపోయాడు. దాంట్లో ఒక లోపముంది. కణాలు కనపడేందుకు స్లైడుకు వేసే రంగు పలచగా పట్టిందంటే అసలు కణాలను కూడా మరకలనుకుని చెరిపేస్తుంది. “పలచటి స్లైడు మీదకి నా హంసను తోలకండర్రోయ్” అని టీ తాగేటప్పుడల్లా అందరికీ చెప్పేవాడు. నోటిమాటగా అందరికీ తెలుసు గనక ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఆ టీల దగ్గర ఏజెంటు లేదు.

“నాన్న రాశారని కూడా పెట్టమ్మా” అంది కూతురు.

“పెట్టకపోతే ఊరుకుంటానా?” అంది నానమ్మ. “వాడి చేతిపని ఇంకా నడుస్తోందంటే నాకదో నిబ్బరం.”

మరిది లేచొచ్చి ల్యాప్‌టాప్ తెర మీదికి వంగాడు. “ఈ లోపం సంగతి మరీ విప్పి చెప్పాలా వదినా? కొన్ని పరిమితులున్నాయని రాసెయ్. అన్నయ్య పేరుకు మచ్చ ఎందుకు?”

“అలా రాస్తే దానికేం అర్థమవుతుంది? అనుమానమొచ్చి నన్నొచ్చి అడగదుగా. రాసిందే దానికి వేదం.”

“ఏదో ఒకటీ అరా పొరపాటు జరుగుతుందేమో. దానికే...”

“ఆ ఒకటీ మనింట్లోదే.”

ఆ మాట అనేశాక ఇక దాచేదేం మిగల్లేదు. భర్త మెడ మీద గడ్డ లేచినప్పుడు ఆ స్లైడు చూసింది ఆమే. ఆరోజు రంగు పలచగా పట్టింది. మళ్ళీ రంగు వేయిస్తే ఇంకో రోజు ఆగాలి. భయం ఆగనివ్వలేదు. హంసను నడిపింది. ఫొటో కడిగిన ముత్యంలా వచ్చింది, క్యాన్సరు కణాలు కూడా చెరిగిపోయి. డాక్టరు ఆ ఫొటోనే చూసి భయం లేదన్నాడు. ఏడు నెలల తర్వాత ఆసుపత్రి మంచం మీద భర్త ఆ పాత ఫొటో తెప్పించుకుని చాలాసేపు చూశాడు. “రంగు పలచగా ఉంది కదూ” అని ఆమె చెయ్యి నిమిరాడు. అంతే. మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ఇదంతా ఆమె తెరకేసి చూస్తూనే చెప్పింది.

అత్తగారు పళ్ళాలు కాగితాల మీదే పెట్టేసి కూర్చుంది. “అప్పుడే తెలిసుంటే... బతికేవాడా?”

“ఏమో అత్తయ్యా. అడిగే ధైర్యం లేక ఎవర్నీ అడగలేదు.”

ముసలావిడ కొడుకు గురించి ఇంకేదో అడగబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరిది గోడవైపు తిరిగాడు. కూతురు పెన్ను మూత తీస్తూ, పెడుతూ, తీస్తూ ఉండిపోయింది. అత్తగారే మళ్ళీ అడిగింది. “వాడికి తెలిసీ నిన్నొక్క మాట అనలేదా?”

“అనుంటే బాగుండేది.”

ఆమె టైపు చేసింది. ‘రంగు పలచగా ఉన్న స్లైడుపై వాడకూడదు, నిజమైన కణాలను చెరిపేస్తుంది.’ ముగ్గురికీ కనపడేలా తెర తిప్పింది.

“ఇదే పంపుతున్నాను” అంది మెల్లగా. “ఉదాహరణగా ఆయన స్లైడే పెడుతున్నాను. రేపు డాక్టరుగారి దగ్గరికెళ్ళి, దాన్ని నడిపింది నేనేనని చెబుతాను. ఇన్నేళ్ళలో హంస నడిచిన స్లైడ్లన్నీ బయటికి తీయించి మళ్ళీ చూడమని అడుగుతాను. ఆ తర్వాత నన్ను ఉంచుతారో, పంపేస్తారో, వాళ్ళ ఇష్టం.”