గోరుకు తగిలిన పగులు

మామయ్య కారు ముందు చక్రం కడుగుతూ ఆమె దాన్ని చూసింది. చక్రం ఊచల మధ్య నుంచి నీళ్లు పడగానే లోపలి బ్రేకు డిస్కు తళతళమంది. ఆ ఇనుప పళ్లెం నిండా వరసగా రంధ్రాలు. ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రం దాకా సన్నగా, నల్లగా ఏదో ఉంది. వెంట్రుక అనుకుని గుడ్డతో తుడిచింది. పోలేదు. వేలు దూర్చి గోటితో గీసి చూసింది. గోరు అందులో దిగి ఆగిపోయింది.

నాన్న షెడ్డులో, ఇనుము చెక్కే లేతు మిషను పక్కన పెరిగిన పిల్ల ఆమె. గీత మీద గోరు జారిపోతుందని, పగులులో దిగబడుతుందని నాన్నే నేర్పాడు. ఆ రంధ్రాలు వేసిందీ నాన్నే.

మామయ్యది ఇరవై ఏళ్లనాటి రెండు తలుపుల కారు. వయసు మీద పడినా దాని దూకుడు మాత్రం తగ్గలేదు. ఈమధ్య గట్టిగా బ్రేకు తొక్కితే స్టీరింగు చేతుల్లో గజగజలాడేది. డిస్కులు పాడయ్యాయి, మార్చాలన్నాడు మెకానిక్కు. మామయ్యకు మామూలువి ఆనలేదు. పందెం కార్లకు ఉన్నట్టు రంధ్రాలు ఉంటే వేడి ఇట్టే పోతుందట, అవే కావాలన్నాడు. ఇంత పాత కారుకు అలాంటివి ఎక్కడా దొరకలేదు. చివరికి రంధ్రాలు లేని కొత్త డిస్కులు రెండు చంకలో పెట్టుకుని, ఆరేళ్ల తరవాత బావ షెడ్డు గడప తొక్కాడు.

ఆరేళ్ల కిందట పదిమందిలో మామయ్య నోరు జారాడు. బోల్టులు చెక్కుకునేవాడికి ఇంజనీరు కబుర్లెందుకని నవ్వాడు. నాన్న ఆ మాట మింగలేకపోయాడు. అంతే, రాకపోకలు తెగిపోయాయి. మామయ్య ఫోను చేస్తే అమ్మ వంటింటి తలుపు మూసుకుని తమ్ముడితో మాట్లాడేది.

అందుకే నాన్న ఆ డిస్కుల మీద ప్రాణం పెట్టాడు. ఒక్కోదానికి నలభై ఎనిమిది రంధ్రాలు. టార్చి పట్టుకున్నదీ, ఇనుప పొట్టు ఊదిందీ ఆమే. బిగించాక మామయ్య ఒక చుట్టు తిరిగొచ్చి, “బావా, నీ చేతికి దండం పెట్టాలి,” అన్నాడు. నాన్న ముసిముసిగా నవ్వుకుంటూ చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

అది జరిగి రెండు వారాలు. ఈ రోజు మామయ్య ఆమెను వారం రోజులకని కొండ కింద ఉన్న తన ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాడు. అమ్మ సంచి సర్దింది. నాన్న గుమ్మంలో నిలబడి, తన పని చూసి ఇంకో ఇద్దరు కార్లవాళ్లు రంధ్రాలు వేయమని అడిగారనీ, సాయంత్రం మొదలుపెడుతున్నాననీ బావమరిదికి చెబుతున్నాడు. ఆమె నోరు తెరిచింది. మళ్లీ మూసుకుని సంచి అందుకుంది. ఇప్పుడు చెబితే నాన్న మళ్లీ బోల్టులు చెక్కుకునేవాడైపోతాడు. చిన్న పగులేలే, ఒక్క కొండ దిగితే చాలని మనసుకు నచ్చజెప్పుకుని కారెక్కింది.

మొదటి మలుపు దాకా ఆ మాట నిలబడింది. బ్రేకు పడగానే ఆమె రోడ్డుకు రెండు పక్కలా చూసింది. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు. మామయ్య ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతూ, అత్తయ్య చేసే కూరల సంగతి చెబుతున్నాడు. ఆమెకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు. వినేదల్లా ముందు చక్రాన్నే. ప్రతి మలుపుకూ ముందు బ్రేకు రాసుకునే సన్నని చప్పుడు. నాలుగో మలుపు దగ్గర ఆ చప్పుడులో టిక్కుమని ఇంకోటి కలిసింది. చక్రం తిరిగినప్పుడల్లా అది మళ్లీ వచ్చింది.

“ఏంటే మౌనిస్వామీ, ఇల్లు గుర్తొచ్చిందా అప్పుడే?”

“మామయ్యా, బండి ఆపు.”

“వాంతొస్తోందా? కొత్త సీటు కవర్లు. కాస్త కిటికీ వైపు తిరుగు తల్లీ.”

“డిస్కు పగిలింది. పొద్దున కడుగుతుంటే చూశాను.”

ఆయన నవ్వబోయాడు. ఈలోగా మలుపు వచ్చింది. బ్రేకు మీద కాలు వేయగానే ఆయన నవ్వు ఆగిపోయింది. పెడలు కాలి కింద తన్నుతోందని ఆ మోకాలు చూస్తేనే తెలిసింది. గేరు రెండుకు దింపాడు. ఇంజను గట్టిగా అరిచింది. చేతిబ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కారును రాతి గోడ వైపుకు తిప్పాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. కంకర మీద చక్రాలు బరబరా ఈడ్చుకుపోయాయి. తరవాత కారు ఆగింది.

చక్రం విప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. పానా రెండుసార్లు జారింది. పొద్దున రెండు రంధ్రాల మధ్య ఉన్న పగులు ఇప్పుడు నాలుగు రంధ్రాలు దాటి డిస్కు అంచు దాకా పాకింది. పక్కన ఇంకో మూడు మొదలయ్యాయి. డిస్కు లోపల గాలి పోయే గదులుంటాయి. వాటి మధ్య గోడలు ఎక్కడున్నాయో చూడకుండా పైనుంచి రంధ్రాలు వేస్తే ఇనుము బలం తగ్గిపోతుంది. ఆ సంగతి షెడ్డులో ఉన్న ముగ్గురిలో ఏ ఒక్కరికీ తట్టలేదు.

మామయ్య రోడ్డు మీదే కూలబడ్డాడు. “మీ నాన్నకు చెప్పకు. రాయి తగిలిందందాం. మళ్లీ ఆరేళ్లు నేను పడలేను.”

ఆమెకూ అదే నయమనిపించింది. ఆ మాట అందామనే ఫోను తీసింది కూడా. అంతలో సాయంత్రం మొదలుపెడతానన్న నాన్న మాట చెవిలో మోగింది. ఆ రెండు కార్లలో ఎవరెవరు ఎక్కుతారో ఆమెకు తెలియదు. ఇంతకుముందు వణికింది తన ప్రాణం కోసమే. ఇప్పుడు భయం ముఖాలు తెలియని వాళ్ల కోసం. నాన్న ఫోను ఎత్తగానే గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది.

అటునుంచి, కదలకండి వస్తున్నానని ఒక్క మాట వచ్చింది.

కారు నుంచి విప్పి షెడ్డులో పడేసిన పాత డిస్కులు పక్కింటాయన వ్యానులో వేసుకుని వచ్చాడు నాన్న. మామయ్య లేచి నిలబడి, “బావా, రంధ్రాలు కావాలని పట్టుబట్టింది నేనే,” అన్నాడు. నాన్న ఆ మాట విన్నట్టు లేదు. డిస్కు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో రంధ్రం చుట్టూ వేలితో తడిమాడు. పాకిన పగులు అంచు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు ఆమె వైపు తిరిగాడు. అలాంటి ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు.

“పొద్దునే చూశావా?”

తలూపింది.

“చూసి కూడా ఎక్కావా?”

ఆమె మళ్లీ తలూపింది.

“నాకు చెప్పడం కంటే, ఈ కొండ దిగడమే సులువనిపించిందా నీకు?”

నాన్న పిట్టగోడ అవతలికి ఒక్కసారి చూసి, వెంటనే ముఖం తిప్పుకుని, ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డుకు ఇవతలి వైపుకు లాగాడు. డిస్కులు మార్చడం మామయ్యకు వదిలేశాడు. ఆ పని పూర్తయ్యేదాకా ఆ చెయ్యి వదల్లేదు.