గొంతు ఎక్కడుంది

పళ్ళాయన చేసేది కట్టుడుపళ్ళు, మాట్లాడేది ఎప్పుడూ చెవుల గురించి. డాక్టర్లు పంపిన ప్లాస్టరు అచ్చులు ముందేసుకుని, మైనంతో చిగుళ్ళు కట్టి, వాటిలో ఒక్కో పన్నూ నిలబెట్టి, అరగదీసి, మెరుగుపెట్టి, మళ్ళీ డబ్బాలో పెట్టి పంపేస్తాడు. ఆయన చేతిపళ్ళతో ఎన్ని నోళ్ళు నవ్వుతున్నాయో లెక్కలేదు గానీ, ఆ మొహాల్లో ఒక్కటీ ఆయన ఎరగడు. పనిగది వెనక వంటగది, వంటగది పక్కన మంచం. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే కుదరలేదంటాడు. ఎందుకు కుదరలేదన్నది పెద్ద కథ, అందులో ఆయనకే ఆసక్తి లేదు. ఫోను మోగిందంటే ఏదో క్లినిక్కువాళ్ళు కిందివరస ఎప్పుడిస్తారని అడగడానికే.

అలాంటి మనిషికి నెలకో ఆదివారం ఉంది. బ్యాంకులో రిటైరైన క్యాషియరుగారి మేడమీద గదిలో ఐదుగురు చేరతారు. క్యాషియరుగారు, మందుల షాపాయన, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే లెక్చరరు, స్కూల్లో పిల్లలచేత ఆటలాడించే డ్రిల్లు టీచరు, మన పళ్ళాయన. ఐదుగురికీ ఇయర్‌ఫోన్ల పిచ్చి. బస్సులో కుర్రాళ్ళు తగిలించుకు తిరిగే రకం కాదు. చెవి లోపలికంటా దిగి, చిక్కుడుగింజంత డబ్బాలో పదేసి బుల్లి స్పీకర్లు ఇరికించుకుని, ధర చెబితే ఇంట్లో రెండ్రోజులు మాటలుండని రకం.

బయటివాళ్ళు చూస్తే నవ్విపోతారు. పనిగట్టుకుని కలుసుకోవడానికి వస్తారు, వచ్చి చెవులు మూసుకుని కూర్చుంటారు. కానీ దానికో పద్ధతుంది. అందరూ వినేది ఒకటే పాట: ఒక ఆడగొంతు, వెనక ఒక్క గిటారు, అంతే. దాన్ని ఒకరి తర్వాత ఒకరు వినాలి. ఆఖరి మనిషి విని పక్కన పెట్టేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మొహంలో కూడా ఏమీ కనపడకూడదని లెక్చరరు కుర్చీని గోడవైపు తిప్పుకుని వింటాడు. మాట ముందు చెవిలో పడితే పాటకి చోటుండదని క్యాషియరుగారి సిద్ధాంతం. మంచి సిద్ధాంతమే.

అందరూ చెప్పాక ఆఖర్న నాలుగు తలలూ ఒకవైపు తిరిగేవి. ‘ఏమంటారు పళ్ళాయనగారూ?’ ఆ ఒక్క ప్రశ్న కోసం ఆయన నెలంతా బతికేవాడంటే ఎక్కువ చేసి చెప్పినట్టు కాదు. ఆయన చెబుతుంటే వాళ్ళు తలలూపుతూ వినేవాళ్ళు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ ఆయనకి వాళ్ళెప్పుడూ లోకువ కాదు, వాళ్ళే లోకం.

ఎదురు చెప్పేది ఒక్క టీచరే. ‘అదేం కాదండీ, మీకు తీపి ఎక్కువ ఇష్టం, అందుకే అలా వినపడింది’ అని మొహమ్మీదే అనేసేది. మేడ దిగాక ఇద్దరూ బస్టాపుదాకా కలిసి నడిచేవాళ్ళు. దారంతా వాదనే. మూడో చరణం ముందు ఆ పాడే ఆవిడ దొంగతనంగా ఊపిరి తీసుకుంటుంది, విన్నారా అనేది టీచరు. ఆయన వినే ఉండేవాడు. ఆ ఊపిరి సంగతి ప్రపంచంలో తనొక్కడికే తెలుసని అంతదాకా అనుకున్నాడు మరి.

ఇంతలో ఆ ఆదివారం వచ్చింది. అందరూ తలో చెయ్యీ వేసి ఒక గొప్ప జత కొని, వంతులవారీగా ఇళ్ళకి తీసుకెళ్దామనుకున్నారు. నచ్చితేనే కొనమని షాపువాడు ఒకటి చేతికిచ్చాడు. దాంతో వచ్చిన వైరు పెళుసుగా ఉండి చెవి వెనక గుచ్చుకుంటోంది. పళ్ళాయన ఊరుకునే రకమా? సన్నటి రాగితీగల్ని జడలా అల్లి మెత్తటి వైరొకటి చేసి పట్టుకొచ్చాడు. దాని రెండు కొసలా సూదుల్లాంటి పిన్నులు రెండేసి. కుడిదానికి గుచ్చాడు, ఎడమదానికి గుచ్చాడు. అలవాటైన చెయ్యి కదా, చూడకుండానే గుచ్చాడు. వైరు తనది కాబట్టి మొదటి వంతు తనే తీసుకున్నాడు.

పాట మొదలైంది. గొంతు ఎదురుగా లేదు, పక్కన లేదు, గోడల్లోంచి వస్తున్నట్టుంది. ఇంతవరకూ ఆయన అలా వినలేదు. ఇంత ఖరీదైనదంటే ఇలాగే ఉంటుంది కాబోలు, ఇన్నాళ్ళూ మనకే అందలేదు అనుకున్నాడు. సంతోషం వస్తే మనిషికి పద్ధతులు గుర్తుంటాయా?

“అబ్బ! గొంతు గదంతా నిండిపోయిందండీ!” అనేశాడు, పైకే.

“తప్పు, తప్పు! నోరు మూసుకోవాలి” అని క్యాషియరుగారు నవ్వి, తన వంతు తీసుకున్నారు. పాట సగంలోనే తలూపడం మొదలెట్టారు. మందుల షాపాయన నిజంగానే నిండిపోయిందన్నాడు. లెక్చరరు గోడవైపు నుంచి ఇటు తిరిగి, గది చాల్లేదండీ, వీధిలోకి కూడా పోయుంటుంది అన్నాడు. అందరూ నవ్వారు.

టీచరు ఆఖర్న వింది. ఒకసారి విని, మళ్ళీ మొదటినుంచి వింది.

“నాకు మాత్రం ఆ పాడే ఆవిడ ఎక్కడా లేదండీ” అంది. “నడిమధ్య ఉండాల్సిన మనిషి లేదు. చుట్టూ ఏదో వినపడుతోంది గానీ మనిషి లేదు. అడుగున మోగే బేస్ కూడా పీక్కుపోయింది. ఏదో తేడా ఉంది, ఒకసారి చూడండి పళ్ళాయనగారూ.”

చూడొచ్చు. తీసి చూస్తే చిటికెలో పని. కానీ గదిలో ముగ్గురు ఔనన్నాక, అల్లిన వైరు తనదయ్యాక, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

“పొద్దస్తమానం విజిలూదితే చెవుల్లో ఇంకేం మిగుల్తుంది టీచరుగారూ?” అన్నాడు. “మీ విజిల్ విని ఆవిడ పారిపోయుంటుంది.”

గది గొల్లుమంది. టీచరు కూడా నవ్వింది, మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువసేపే నవ్వింది. టీ పూర్తిచేసి, కప్పు తనే కడిగి బోర్లించి, అన్నయ్యావాళ్ళింటికి వెళ్ళాలని చెప్పి ముందుగా దిగిపోయింది. పై నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు. స్కూల్లో ఆటల పోటీలట, తీరిక లేదట అన్నారు క్యాషియరుగారు. పళ్ళాయన ఒక్కడే బస్టాపుకి నడిచి, అంతేనేమో అనుకున్నాడు. అనుకోవడం తేలిక కాబట్టి అలా అనుకున్నాడు.

కొన్న జత వంతులన్నీ తిరిగి చివరికి ఆయన దగ్గరికొచ్చింది. ముందు శుభ్రం చేద్దామని పళ్ళు తోమే బుల్లి బ్రష్షు తీసుకుని, వైరు ఊడదీయబోయి ఆగిపోయాడు. ఎడమవైపు పిన్నుల పక్కన తను పెట్టిన ఎర్రచుక్క బయటికి కనపడాలి. అది లోపలివైపుంది.

ఒకవైపు పిన్నులు తిరగేసి గుచ్చితే ఏమవుతుందో ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఒక చెవిలో గాలిని తోస్తున్నప్పుడు రెండో చెవిలో లాగుతుంది. మధ్యన నిలబడాల్సిన గొంతు ఆ తోపులాటలో కొట్టుకుపోతుంది. మిగిలింది చుట్టూ చెల్లాచెదురై, తెలియనివాడికి విశాలంగా వినపడుతుంది. తెలిసినవాడికీ వినపడుతుంది, వాడికి తన చెవిమీద అంత నమ్మకముంటే.

చుక్క బయటికి వచ్చేలా గుచ్చి విన్నాడు. ఆవిడ ఉంది. సరిగ్గా నడిమధ్య, ఎదురుగా, మనిషంత మనిషి. పెదాలు విడిన చప్పుడుతో సహా ఉంది. టీచరు చెప్పింది అక్షరాలా నిజం. పళ్ళాయనకి చెవులు వేడెక్కాయి. పళ్ళ పనిలో ఇలాంటి తప్పు చేస్తే కొరకలేక మర్నాడే డబ్బా వెనక్కొస్తుంది. ఇది ఇన్ని ఇళ్ళు తిరిగింది, ఒక్కరూ వెనక్కి పంపలేదు.

చెప్పాలా? చెబితే ఇక ‘ఏమంటారు’ అని ఎవరడుగుతారు? ఆ గది పోతే ఆయనకి మిగిలేవి ప్లాస్టరు నోళ్ళు, అవి మాట్లాడవు. వారమంతా తేలుకుట్టిన దొంగలా తిరిగి, చివరికొక ఉపాయం పన్నాడు. సరిచేసిన జతని మాటాడకుండా వాళ్ళ ముందు పెడతాడు. వింటారు, ఉలిక్కిపడతారు, ఇదేంటి ఇవాళ గొంతు మధ్యకొచ్చింది అంటారు. అప్పుడు ఒప్పుకుంటాడు. తిడితే తిట్టనీ, కనీసం అందరూ కలిసి విన్నట్టవుతుంది.

ఆదివారం ముగ్గురూ పద్ధతిగా, నోరు మూసుకుని విన్నారు. పళ్ళాయన ఊపిరి బిగబట్టి మొహాలు చూస్తున్నాడు.

“అదే నిండుదనం” అన్నాడు మందుల షాపాయన తృప్తిగా.

“ఎన్నిసార్లు విన్నా గదంతా ఆవిడే” అన్నారు క్యాషియరుగారు.

లెక్చరరు కుర్చీ ఇటు తిప్పి, ఏమంటారు పళ్ళాయనగారూ అని అడిగాడు. ఆ ప్రశ్న చెవిన పడగానే ఎప్పుడూ కలిగే వెచ్చదనం ఈసారి కలగలేదు. పళ్ళాయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పిన్నుల సంగతి, చుక్క సంగతి, ఇవాళ సరిచేసి తెచ్చిన సంగతి, అన్నీ.

 క్యాషియరుగారు పగలబడి నవ్వారు.

“ఇంతేనా? ఏదో పెద్ద విషయమనుకున్నాను! మీరు బాగుందంటే మాకు బాగుంది. మాకంత చెవులెక్కడివండీ?”

“ఆదివారం ఇంట్లో ఉంటే మా ఆవిడ అటకలు సర్దమంటుంది” అన్నాడు లెక్చరరు. “ఇక్కడైతే హాయిగా ఉంటుంది.”

“మీరెలా అంటే అలాగే పళ్ళాయనగారూ, మీ చెవి చెవి” అన్నాడు మందుల షాపాయన, బిస్కెట్ల పళ్ళెం ఆయనవైపు జరుపుతూ.

ఒక్కరికీ కోపం రాలేదు. ఆయన కుర్చీ ఆయనకే ఉంది, టీ కప్పులో టీ కూడా పోశారు. పోతుందని భయపడిందేదీ పోలేదు. అయినా ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత ఒంటరిగా అనిపించింది పళ్ళాయనకి. ఇంతకాలం నలుగురితో కలిసి వింటున్నాననుకున్నాడు. విన్నది ఇద్దరే. ఆ రెండోమనిషిని తనే నోటిదూలతో మెట్లు దింపేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పుడు వాళ్ళమ్మ రోజుకోసారి చెప్పేది. అమ్మలు చెప్పేవి ఎప్పుడూ ఆలస్యంగానే పనికొస్తాయి.

మర్నాడు సాయంత్రం స్కూలు మైదానానికి వెళ్ళాడు. పిల్లలు వెళ్ళిపోయారు. టీచరు బంతులన్నీ ఏరి వలసంచీలో వేస్తోంది.

“అయ్యో, మీరా! రండి రండి. ఇలా వచ్చారేంటి?” అంది ఆప్యాయంగానే.

ఆయన నిలబడే అంతా చెప్పాడు. తప్పు తనదేనన్నాడు, ఆ రోజు మీరన్నదే నిజమన్నాడు, విజిల్ మాట అనకుండా ఉండాల్సిందన్నాడు.

“అలాగా! పాపం, దానికోసం ఇంతదూరం వచ్చారా? నేనెప్పుడో మర్చిపోయానండీ” అంది టీచరు, సంచీ మూతి ముడేస్తూ. తర్వాత ముడి వైపే చూస్తూ చెప్పింది. “నిజంగానే చెవులు పోయాయేమోనని డాక్టరుకి చూపించుకున్నాను. వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నాడు. అంటే ఏంటో మరి. నా జత మా అన్నయ్య కొడుక్కిచ్చేశాను. పడుండే బదులు వాడైనా వింటాడు. నేనిప్పుడు వినట్లేదు లెండి.”

పళ్ళాయన జేబులోంచి ఆ జత తీసి, ఒక్కసారి వినమని బతిమాలాడు. ముందు సరిగ్గా గుచ్చి వినిపిస్తాను, తర్వాత తిరగేసి వినిపిస్తాను, లేదా ముందు తిరగేసి, తర్వాత సరిగ్గా. ఏది ఏదో చెప్పను, మీరే చెప్పండి అన్నాడు. మొహమాటానికి ఆవిడ బెంచీమీద కూర్చుంది.

మొదట సరిగ్గా గుచ్చి ఇచ్చాడు. టీచరు కళ్ళు మూసుకుంది. భుజాలు కాస్త కిందికి జారాయి. మూడో చరణానికి ముందు, ఆ ఊపిరి దగ్గర, ఆవిడ చూపుడువేలు తనంతట తనే ఒళ్ళోంచి లేచింది. పళ్ళాయన అటు తిరిగి పిన్నులు తిప్పి గుచ్చి మళ్ళీ ఇచ్చాడు. పాట మొదలైందో లేదో, ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. గుంపులో తప్పిపోయిన మనిషిని వెతుక్కుంటున్నట్టు తల ఇటూ అటూ తిప్పింది. చూస్తున్న పళ్ళాయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ చెవులకేమీ కాలేదు!

“చెప్పండి టీచరుగారూ, ఏది సరైంది?”

ఆవిడ ఇయర్‌ఫోన్లు తీసి, వైరు చిక్కుపడకుండా చుట్టి ఆయన చేతిలో పెట్టింది.

“రెండూ బాగున్నాయండీ.”

“కాదు, రెండోసారి మీరు మొహం చిట్లించారు. నేను చూశాను.”

“ఎండ కళ్ళల్లో పడింది” అంది. ఎండ ఆవిడ వీపు వెనక ఉంది.

“టీచరుగారూ, ఒక్క మాట. గొంతు ఎక్కడుంది? ఎక్కడ వినపడింది మీకు?”

ఆవిడ తలెత్తి చూసింది. ఆ చూపులో కోపముంటే ఆయన ఓర్చుకునేవాడు, కోపం కోసమే వచ్చాడు కూడా. అందులో కోపం లేదు. తప్పుడు జవాబు చెబుతానేమోనని భయపడే పిల్లల చూపు అది.

“మీరే చెప్పండి” అంది. “మీరెలా అంటే అలాగే. మీ చెవి చెవి కదండీ.”

నిన్న మేడమీద విన్న మాటే. వాళ్ళకి వినపడక అన్నారు, ఈవిడ వినపడి కూడా అంటోంది. వాళ్ళు ఆయన మాట నమ్మితే ఒంటరిగా అనిపించింది. ఈవిడ కూడా నమ్మేసిందని తెలిసేసరికి, ఖాళీ మైదానంలో ఆ జత చేత్తో పట్టుకుని, పళ్ళాయన ఏడ్చాడు.