కెటిల్ దగ్గర ఎవరున్నారు?

నా భర్త బెలార్మినో పోయిన జూన్ చలిలో చనిపోయాడు. ఈ దక్షిణపు కొసన జూన్ అంటే నడి చలికాలం. నేను ఏడవలేదు. గుండె రాయి చేసుకుందన్నారు ఊళ్ళోవాళ్ళు. నేనేం చేసుకోలేదు, అదే అలా అయిపోయింది. బంగాళదుంపలు తవ్వాను, గొర్రెల ఉన్ని కత్తిరించాను. వేసవి చివర మా అమ్మాయి నాయరెత్ జలసంధి ఈదే పందేనికి వెళ్తానంటే సరే అన్నాను.

మా చిలోయే దీవి నీళ్ళు వేసవిలోనూ ఎముకలు కొరుకుతాయి. మామూలు ఈత బట్టలతోనే దిగాలి. చంకల్లో, మెడ మీద గొర్రె కొవ్వు పట్టిస్తాం. పక్కనే సొంతవాళ్ళ పడవ ఉంటుంది. పడవలోంచి కర్రకు కట్టిన గ్లాసుతో వేడి వేడి తేనెనీళ్ళు అందించవచ్చు. మనిషిని వేలితో తాకితే మాత్రం పందెం అక్కడితో ఆఖరు.

చలి ముందు వేళ్ళను పట్టుకుంటుంది, తర్వాత బుర్రను. అందుకే గ్లాసు అందించినప్పుడల్లా ఒక ప్రశ్న అడుగుతాం. మా ప్రశ్న బెలార్మినో పెట్టిందే: "రేవులో కెటిల్ దగ్గర ఎవరున్నారు?" సాధన చేసిన రోజుల్లో తనే అక్కడ నిప్పు ఊదుకుంటూ కూర్చునేవాడు. పిల్ల "నాన్న!" అని అరిచి మళ్ళీ ఈదుకుంటూ పోయేది.

పందెం నాటికి ఆ ప్రశ్న మార్చాల్సింది. మారిస్తే ఎందుకు మార్చానో చెప్పాలి. అందుకే ఊరుకున్నాను.

మా మరిది ఎలిసేయో తెడ్లు వేస్తున్నాడు. మొదటిసారి గ్లాసు అందించి ప్రశ్న అడిగాను.

"ఎవరూ లేరు. నువ్వు నిప్పెక్కడ రాజేశావే, పిసినారి అమ్మా!" అంది నాయరెత్, నీళ్ళు ఉమ్మేస్తూ.

ఎలిసేయో పకపకా నవ్వాడు. "నోరు పనిచేస్తోంది వదినా, భయం లేదు."

సగం దూరం దాటాక ఎదురు పోటు మొదలైంది. పిల్ల చేతులు నెమ్మదించాయి, కాళ్ళు కిందికి దిగిపోతున్నాయి. అలాగే ఈదుతూ, రేవు మీద మనుషుల టోపీలు కనిపించేంత దగ్గరికి వచ్చింది. కర్ర చాపాను.

"కెటిల్ దగ్గర ఎవరున్నారు?"

"నాన్న."

మాట కాస్త ముద్దగా వచ్చింది. ఎలిసేయో తెడ్డు ఆపేశాడు.

"అలవాటులో అనేసి ఉంటుందిలే వదినా," అన్నాడు. "ఇంకెంత, వచ్చేశాంగా."

అలవాటే అనుకోవాలనిపించింది నాకూ. అంతకంటే సిగ్గుమాలిన సంగతి ఇంకొకటుంది. ఆ జవాబు నాకు హాయిగా తోచింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఎవరో ఆయన రేవులో ఉన్నాడని చెప్పారు. మళ్ళీ అడిగాను. పిల్ల బాగోగుల కోసం కాదు, మళ్ళీ వినడానికి.

"ఎవరున్నారే?"

"నాన్న. చెయ్యి ఊపుతున్నాడు, కనపట్లేదా?" నవ్వింది. గ్లాసు పట్టుకోబోతే వేళ్ళు ముడుచుకోలేదు. గ్లాసు బోర్లాపడింది. తేనెనీళ్ళు సముద్రంలో కలిశాయి. పిల్ల అది గమనించనే లేదు.

వంగి దాని మణికట్టు పట్టుకున్నాను.

"వదినా!" అన్నాడు ఎలిసేయో.

"ఏంటి చూస్తావ్? లాగు!"

ఇద్దరం కలిసి దాన్ని పడవలోకి లాగాం. తడి బట్టలు విప్పి, కంబళ్ళు చుట్టి, టోపీ పెట్టాం. పిల్ల వణకడం లేదు. చలి మరీ లోతుకు దిగితేనే వణుకు ఆగిపోతుంది. వణకని ఒళ్ళు చూస్తే మా పడవవాళ్ళకు పై ప్రాణాలు పైనే పోతాయి. దాన్ని రొమ్ముకు అదుముకుని కూర్చున్నాను.

"ఎందుకు తాకావే? నాన్న చూస్తున్నాడుగా," అంది.

"నాన్న లేడు నాయరెత్. చచ్చిపోయాడు."

ఆ మాట ఎవరితోనైనా అనడం నాకదే మొదలు. ఎలిసేయో తల తిప్పుకుని తెడ్లు వేశాడు.

నాయరెత్ చాలాసేపు రేవు వైపే చూసింది. రేవు దగ్గర పడుతుండగా దాని పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది. భుజాలు, ఆపైన ఒళ్ళంతా గడగడా వణికిపోయింది.

"హమ్మయ్య, వణుకుతోంది!" అన్నాడు ఎలిసేయో.

"అవునే అమ్మా, లేడు కదూ," అంది నాయరెత్, ఏడుస్తూ.

అవునన్నాను. దాని తడి జుట్టుకు నా రవిక ఎప్పుడో నానిపోయింది. ఎలిసేయో తన కోటు విప్పి నా భుజాల మీద వేశాక గానీ తెలియలేదు, నేనూ వణుకుతున్నానని. జూన్ తర్వాత నాకు చలెయ్యడం అదే మొదటిసారి.