ఎర వేయని ఫొటో

చార్మినార్ ఫొటో కావాలని అడిగినవాళ్ళందర్నీ వరుసలో నిలబెడితే ఆ వరుస ఉస్మాన్‌గంజ్ దాకా పోతుంది. నేను ట్రావెల్ ఫొటోగ్రాఫర్ని. హోటళ్ళవాళ్ళు పిలుస్తారు, టూర్లవాళ్ళు పిలుస్తారు. పిలిచి అందరూ తీయమనేది చార్మినార్, బిర్యానీ, లాడ్‌బజార్ గాజులు. గాజుల మీద దీపాల మెరుపును ఎలా తగ్గించాలో నన్ను నిద్రలేపి అడిగినా చెబుతాను. అంత విసుగొచ్చింది. నాకు కావలసింది పక్షులు, జంతువులు, అడవి.

"బహదూర్‌పురల జూ ఉన్నది గద, పోయి తీస్కోరాదు?" అంటుంది మా ఆవిడ బేబీ. బోనులో పులిని తీసి అడవి పులి అనడమూ, హోటల్ కూర తెచ్చి మేమే వండామని వడ్డించడమూ ఒకటే అన్నాను. "అయితే ఏంది? కూర మంచిగుంటే సాలదా?" అంది. ఆమెతో వాదించి గెలిచినవాడు లేడు.

ఇంతలో నా రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను. పురుషోత్తం గారని ఒక పత్రిక ఎడిటర్. నగరంలో బతికే పక్షుల మీద ప్రత్యేక సంచిక వేస్తున్నారు. గద్ద తన పిల్లలకు తిండి పెడుతున్న ఫొటో తెస్తే అట్ట మీద వేస్తానన్నారు. ఒక్కసారి అక్కడ నా పేరు పడితే అడవి పనులకు పిలిచేవాళ్ళుంటారు, గాజులకు ఒక దండం పెట్టి వదిలించుకోవచ్చు. షరతు ఒకటే. ఎర వేసి రప్పించి తీసిన ఫొటో కాకూడదు. వేటాడి తెచ్చిన తిండే కనిపించాలి.

గద్ద కోసం నేను ఎక్కడికీ పోనక్కర్లేదు. జహనుమాలో మా గల్లీకి అవతల ఖైసర్ బేగం గారి ఇల్లు, ఇంటి వెనక నీలగిరి చెట్టు, చెట్టు మీద గూడు, గూట్లో రెండు పిల్లలు. మా మిద్దె మీద కూర్చుంటే గూడు సరిగ్గా కంటి ఎత్తుకు వస్తుంది. పక్షిని కింద నుంచి తీస్తే పొట్ట తప్ప ఏమీ పడదు కాబట్టి నాకిది పెద్ద అదృష్టం.

నాకు తగిలిన ప్రతివాడూ ఏ కెమెరా కొనాలన్నా అని అడుగుతాడు. ఎలా కూర్చోవాలని ఒక్కడూ అడగడు. రోజూ ఒకే చోట, అదే మట్టిరంగు చొక్కాతో కూర్చోవాలి. పక్షి మనల్ని కూడా ఒక నీళ్ళ ట్యాంకు కింద జమకట్టేదాకా కెమెరా ఎత్తకూడదు. పొద్దుటెండ మన వీపు మీద పడాలి. ఎగిరే పక్షికి షటర్ వేగం సెకనులో రెండువేల వంతుకు తగ్గకూడదు. ఫోకస్ కంటి మీద ఉండాలి, కన్ను మసకైతే మిగతాది ఎంత బాగున్నా పారేయడమే. అన్నిటికీ మించి చప్పుడు చేయకూడదు. దగ్గు వస్తే మింగాలి. ఇవన్నీ చేశాను. గద్ద నన్ను ట్యాంకు అనుకోవడం మొదలుపెట్టింది కూడా.

అప్పుడు ఖైసర్ బేగం గారు గిన్నె పట్టుకుని వాళ్ళ మిద్దెక్కారు.

ఆమె కొడుకు ఖదీర్ ఆటో నడుపుతాడు. ఆటో బోల్తాపడి కాలు విరిగితే లోపల రాడ్డు వేశారు. అప్పటి నుంచి ఆమె పొద్దున్నే మాంసం ముక్కలు తెచ్చి, మిద్దె మీద కుర్చీలో ఉన్న కొడుకు తల చుట్టూ తిప్పి, గాల్లోకి విసురుతున్నారు. సద్ఖా అంటారు దాన్ని, ఒకరకం దానం. మనిషి మీదికి వచ్చే కీడును ఆ ముక్కతో పాటు గద్ద ఎత్తుకుపోతుందని నమ్మకం. మా గల్లీలో నిమ్మకాయ తిప్పి పారేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు, నిమ్మకాయను గద్ద తినదు. ముక్క లేచిందంటే మాత్రం ఫలక్‌నుమా దాకా ఉన్న గద్దలన్నీ దిగుతాయి. నా గద్దా పోయి ఒకటి తన్నుకొచ్చి పిల్లలకు పెడుతుంది. తర్వాత వేట మాట ఎత్తదు. కడుపు నిండినవాడు దుకాణం తెరుస్తాడా?

సరే, చూద్దామని అదే ఫొటో పంపాను. "ఆ ముక్క మీద కత్తి గాటు కనిపిస్తోంది కృపాకర్" అన్నారు పురుషోత్తం గారు. మంచి లెన్సుతో వచ్చే తిప్పలు ఇవే.

ఇక ఓపిక పట్టలేక గల్లీ దాటి వెళ్ళాను.

"ఖాలా, కొన్ని దినాలు గద్దలకు ముక్కలు ఎయ్యకుంటే నా పని అయితది."

ఆమె నన్ను ఎగాదిగా చూశారు. "ఏం మాట్లాడుతున్నవ్ బేటా? నా కొడుకు కాలు ఇంక జమీన్ మీద ఆనలే. సద్ఖా బంద్ చెయ్యమంటవా?"

"బంద్ కాదు ఖాలా. మస్జిద్ కాడ గరీబోళ్ళకు ఇయ్యుండ్రి. గద్దలకు మాత్రం వద్దు. గది ఎర లెక్క అయితుంది."

"ఎర ఏంది? నేనేమన్న చాపలు పడుతున్ననా?"

ఖదీర్ కుర్చీలో పడీపడీ నవ్వాడు. మిద్దె మీద అతను పెంచే పావురాల్లోది, తెల్లటి పిల్ల ఒకటి ఒళ్ళో ఉంది. అతను దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజుల్లో గుడ్డులోంచి బయటపడింది. పేరు షహజాదీ. జొన్నలు చేత్తో తినిపించి పెంచాడు, కాలికి చిన్న గజ్జె కట్టాడు. "దీనికి ఎగురొస్తలేదు, నాకు నడవొస్తలేదు. ఇద్దరం జోడీ" అంటూ దాని తల నిమిరాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, "పోనీ అమ్మీ. గా దినం నన్ను ఎత్తుకోని దవాఖానకు ఉరికింది కృపాకర్ భాయే గద. సద్ఖా ఎవరికిచ్చినా సద్ఖానే" అన్నాడు.

ఆమె మూతి ముడుచుకునే ఒప్పుకున్నారు.

మర్నాడు గద్దలు వేళకు వచ్చాయి. ఖాళీ మిద్దె మీద తిరిగి తిరిగి అరిచాయి. నా గద్ద గూటికి ఒట్టి ముక్కుతో తిరిగొచ్చింది. పిల్లలు ఒకటే గోల. ఆ మర్నాడు ఒక పాలిథిన్ కవరు తెచ్చిపెట్టింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత పెద్ద పాతబస్తీలో ఒక ఎలుక దొరకదా దీనికి? వేట మరిచిపోయిందా? అడవిలో అయితే ఇలా ఉండేదా అని లోపల్లోపలే తిట్టుకున్నాను, పైకి తిడితే చప్పుడు కదా.

ఇంకో రోజు పొద్దున ఖదీర్ పావురాలను ఎండకు వదిలి, తల్లి భుజం పట్టుకుని చాయ్ తాగడానికి లోపలికి వెళ్ళాడు. గద్ద వచ్చి వాళ్ళ ట్యాంకు మీద వాలింది. తల అటూ ఇటూ తిప్పింది. నేను కెమెరా ఎత్తాను. అది ఒక్కసారిగా పిట్టగోడ మీదికి దూకింది.

దాని కాళ్ళ కింద తెల్లగా ఏదో కొట్టుకుంటోంది. గద్ద లేవబోయింది, బరువు ఆపలేక మళ్ళీ గోడ మీదే పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. నా వేలు బటన్ మీది నుంచి లేవలేదు. చివరికి అది రెక్కలు చాపి, ఎండ నిండుగా మీద పడుతుండగా, నాకు ఎదురుగా వచ్చి గూటి వైపు తిరిగింది. పిల్లలు నోళ్ళు తెరిచాయి. అన్నీ పడ్డాయి. ఎర లేదు, కత్తి గాటు లేదు. జీవితంలో నేను తీసిన ఫొటోలన్నీ దీని ముందు దండగ అనిపించింది.

కెమెరా వెనక తెర మీద ఫొటోను పెద్దది చేసి చూసుకున్నాను. గద్ద కన్ను స్పష్టంగా ఉంది. ముక్కు స్పష్టంగా ఉంది. పక్కకు జరిపాను. ఎర్రటి చిన్న కాలు, కాలికి గజ్జె.

గల్లీ అవతల ఖదీర్ జొన్నల డబ్బా ఆడిస్తున్నాడు. "ఆవ్ షహజాదీ, ఆవ్... ఆవ్..."

దాచినా దాగదు, ఈకలు గోడ మీదే ఉన్నాయి. పైగా ఇంకొకరికి సంబంధించిన ఫొటోను వాళ్ళను అడగకుండా బయటికి పంపకూడదని కొత్తవాళ్ళకు నేనే చెబుతుంటాను. కెమెరా తీసుకుని వెళ్ళాను.

జరిగింది విని ఖైసర్ బేగం గారు రెండు చేతులూ పైకెత్తారు. "అల్లా కా షుకర్! జాన్ కే బద్లే జాన్, పానానికి పానం. నా కొడుకు మీదికొచ్చే బలా గా పావురం తీస్కపోయింది. నువ్వు చెప్పబట్టే బేటా! గా ఫొటో నాకొకటి కడిగియ్యి, దగ్గర పెట్టుకుంట."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకైతే బదులు చెప్పగలను.

ఖదీర్ కెమెరా అడిగి తీసుకున్నాడు. ఏ బటన్ నొక్కాలో చూపించాను. ఒక్కొక్కటే జరుపుతూ పోయాడు. ఒకదాని దగ్గర ఆగాడు.

"గీ ఫొటోల ఇంక గోడ మీదనే ఉన్నది గద భాయ్?"

"ఉన్నది."

"రెక్కలు కొట్టుకుంటుంది."

"అవును."

"గీడ ఇంకోసారి కింద పడ్డది. మస్తుసేపు కొట్లాడింది నా బిడ్డ." తెర మీద నుంచి కళ్ళు తీయకుండానే అడిగాడు. "గద్దకు చప్పుడంటే భయం. చప్పట్లు కొడితె ఇడిసిపెడ్తుండె. ఒక్క కేక ఎయ్యకపోతివా?"

దగ్గును మింగడం తెలిసినవాణ్ణి. కేక వేయొచ్చని నాకు తోచనే లేదు.

"ఫొటో మంచిగొచ్చింది. పంపుకో" అని కెమెరా నా చేతికిచ్చి మొహం అటు తిప్పుకున్నాడు.

పురుషోత్తం గారు ఫోన్ చేశారు. దొరకలేదని చెప్పాను. అట్ట మీద ఇంకెవరిదో ఫొటో పడింది. ఆయన మీద కోపం వచ్చింది, గద్ద మీద వచ్చింది, వాదనలో ఎప్పుడూ గెలిచే బేబీ మీద కూడా వచ్చింది. ఎవరి మీద చూపించినా నాకే సిగ్గేసింది.

ఖైసర్ బేగం గారు మళ్ళీ ముక్కలు వేస్తున్నారు. నేను మళ్ళీ మిద్దెక్కుతున్నాను, మానుకుంటే మళ్ళీ గాజులే గతి కదా? ఖదీర్ ఇప్పుడు చాయ్ కూడా మిద్దె మీదే తాగుతున్నాడు. గద్ద కాస్త కిందికి దిగితే చాలు, చప్పట్లు కొడతాడు. అది బెదిరి పక్కకు తిరుగుతుంది, నా ఫొటోలో తోక మాత్రం మిగులుతుంది. రోజూ అంతే. ఒళ్ళు మండిపోతుంది. ఆపమని మాత్రం ఏ మొహం పెట్టుకుని అడగను?