పాల సొసైటీ సిపాయి

చేవెళ్ల తహసీల్ ఆఫీసు ఎదురుగా కూర్చుని ఇరవై రెండేళ్లుగా అర్జీలు టైపు చేస్తున్నాను. పేరు బాలరాజ్. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి తమకేం కావాలో తెలియదు. మిగతా సగానికి తెలుసు గానీ ఒక పట్టాన చెప్పరు. నాగేందర్ ఈ రెండింటిలోనూ పడడు. కావలసింది తెలుసు, అందుకు కారణమూ తెలుసు, కానీ ఆ కారణం మాత్రం రాయొద్దంటాడు. ఇలాంటి మనిషితో నాలుగు నెలలు వేగినందుకు పతకం ఎవరికైనా ఇవ్వాలంటే ముందు నాకివ్వాలి.

నాగేందర్‌ది సురంగల్. రెండు వేల సంవత్సరంలో మిలిటరీలో చేరి, ఎనిమిదేళ్లకు ఇంటికొచ్చాడు. వచ్చాడనడం మర్యాద కోసం. నిజానికి పంపించేశారు. సెలవు మీద ఊరికి రావడం, గడువు దాటాక తిరిగి వెళ్లడం, ఇలా నాలుగుసార్లు జరిగింది. ప్రతిసారీ శిక్ష వేసి రికార్డులో ఎర్ర సిరాతో రాశారు. నాలుగో ఎర్ర రాత పడ్డాక, ఇతని సేవలు ఇక అక్కర్లేదని డిశ్చార్జి పుస్తకం చేతిలో పెట్టారు. ఆ పుస్తకంలో నడవడిక అని ఒక గడి ఉంటుంది. అందరికీ అందులో మంచిదనో, చాలా మంచిదనో రాస్తారు. ఇతని గడిలో అంతంత మాత్రం అని అర్థమొచ్చే ఇంగ్లీషు ముక్క ఒకటి ఉంది.

పదిహేడేళ్లుగా ఆ ముక్క అతన్ని తింటోంది. గండిపేటలో ఒక గేటెడ్ కాలనీ ముందు నిలబడి కార్లకు గేటు తీస్తాడు. చందనవెల్లి ఫ్యాక్టరీల్లో మాజీ సైనికులకు సూపర్‌వైజర్ పనులున్నాయని తెలిసి ఆరుసార్లు వెళ్లొచ్చాడు.

"పుస్తకం తెరుస్తరన్న. ఆ గడి సూస్తరు. మూస్తరు. ఒక్క మాట అనరు. ఏమన్న తిట్టినా జర మంచిగుండు" అన్నాడు నాతో మొదటి రోజు. అందుకే ఆ కేసు నెత్తికెత్తుకున్నాను.

వకీలు నతానియేలు కాగితాలు చూసి, సైనికుల ట్రిబ్యునల్‌లో వేద్దామన్నాడు. "ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే గౌరవంగా విడుదల చేసినట్టు మార్చొచ్చు. కారణం ఏంది?"

నాగేందర్ నేల చూశాడు. "చెప్పరాదు సార్."

"అప్పుడు మీ ఆఫీసర్ అడగలేదా?"

"నాలుగుసార్లు అడిగిండు. చెప్పలే."

నేను విసుక్కున్నాను, తిట్టాను, టీ తాగించాను. లాభం లేదు. చివరికి అతని భార్య అరుణశ్రీ వచ్చి నా టేబుల్ మీద చేతిసంచి ధడాలున పెట్టింది. "ఆయన ప్రమాణం చేసిండు, నేనైతె చెయ్యలే. రాసుకో అన్నా, నేను చెప్త" అంది.

సంగతేమిటంటే, మా దిక్కున ఒక పాల సొసైటీ ఉంది. పదకొండు మంది డైరెక్టర్లు. రెండేళ్లకోసారి వాళ్లలో ఒకరిని చైర్మన్‌గా ఎన్నుకుంటారు. చైర్మనైతే ఏమొస్తుందని నన్నడగొద్దు. కారుకు బోర్డు పెట్టుకోవచ్చు, పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చోవచ్చు, అంతకుమించి నాకేమీ కనబడలేదు. దానికోసం ప్రభాకర్ రెడ్డి ప్రతి ఎన్నికకూ క్యాంపు పెడతాడు. ఆరుగురు డైరెక్టర్లను మొయినాబాద్ అవతల ఒక ఫామ్‌హౌస్‌లో పెట్టి, ఫోన్లు గుంజుకుని, పూటపూటా మటన్ పెట్టి, ఓటేసే రోజున బయటికి తీస్తాడు. లేకపోతే అవతలి వర్గం ఎత్తుకుపోతుంది. ఎమ్మెల్యేలకు జరిగే మర్యాదలన్నీ గేదెల పాలకూ జరగాలన్నది మావాళ్ల పట్టుదల.

మరి గేటు దగ్గర నమ్మకంగా ఎవరుండాలి? సెలవు మీద వచ్చిన మిలిటరీ మనిషి ఉండాలి. రెండు వేల ఒకటిలో మూడు రోజులని తీసుకుపోయారు. ఎన్నిక వాయిదా మీద వాయిదా పడి పన్నెండు రోజులైంది. తర్వాత మూడు క్యాంపుల్లో ఒకసారి తొమ్మిది, ఒకసారి పదిహేను, చివరిసారి ఇరవై ఒక్క రోజులు. నాగేందర్ గేటు వదలలేదు. లోపలి నుంచి ఒక్క డైరెక్టరూ జారిపోలేదు. దేశంలో ఏ సరిహద్దుకూ అంత కావలి ఉండి ఉండదు. ఆ క్రమశిక్షణ వల్లే మిలిటరీ అతన్ని క్రమశిక్షణ లేనివాడని పంపించేసింది.

క్యాంపు మొదలయ్యే ముందు అందరూ పాల క్యాను మీద చెయ్యి పెట్టి, ఈ క్యాంపు సంగతి చచ్చేదాకా ఎవరికీ చెప్పమని ప్రమాణం చేస్తారు. ఇంటికెళ్లేలోపే అందరూ అందరికీ చెప్పేస్తారు. నాగేందర్ ఒక్కడే నిలబెట్టుకున్నాడు. నాలుగుసార్లు ఆఫీసర్ ముందు నిటారుగా నిలబడి, నోరు మూసుకుని శిక్ష తీసుకున్నాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! దేశం మిలిటరీ కన్నా పాల క్యాను ఎక్కువైందా?" అన్నాను.

"మాటిచ్చినంక మాటనే కదన్న. ప్రభాకరన్న చెప్పుమంటె చెప్త."

అయితే ప్రభాకర్ రెడ్డినే అడుగుదామని వెళ్లాం. ఆయన మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి నాగేందర్ భుజం తట్టాడు. "మా నాగేందర్ బంగారం. ఏం రాయాల్నో చెప్పు బాలరాజూ, మంచోడని పది కాయిదాలు రాసిస్త."

"మంచోడని వద్దన్నా. ఆ నాలుగుసార్లు మీ క్యాంపుల ఆపుకున్నరని ఒక్క ముక్క రాయుండ్రి సాలు" అన్నాను.

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారాయి. "క్యాంపా? ఏం క్యాంపు? మన సొసైటీల గసొంటియి జరగవు బాలరాజూ" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు పక్కగదిలో ఆయన మనిషి వచ్చే క్యాంపుకు ఎన్ని పరుపులు కావాలో ఫోన్లో చెబుతున్నాడు.

తర్వాత వారం రోజుల్లో మా ఊళ్లవాళ్లు నాగేందర్ సత్ప్రవర్తన మీద నలభై ఒక్క సర్టిఫికెట్లు తెచ్చిచ్చారు. అడిగింది ఇవ్వలేనప్పుడు సర్టిఫికెట్ ఇవ్వడం మాకు అలవాటు. మాజీ సర్పంచులు, ఎరువుల దుకాణం, క్రికెట్ టీము, చివరికి అతని కాలనీలో కుక్కలను తిప్పే మనిషి కూడా సంతకం చేశాడు. నతానియేలు ఆ కట్టను అటూ ఇటూ తిప్పి, ఇందులో ఆలస్యం గురించి ఒక్క అక్షరం లేదని తలపట్టుకున్నాడు.

విచారణ సికింద్రాబాద్‌లో ఒక గురువారానికి పడింది. సొసైటీ ఎన్నిక దానికి ముందు రోజు, బుధవారం. ప్రభాకర్ రెడ్డి నాగేందర్‌ను పిలిపించుకున్నాడు. "ఈ ఒక్క క్యాంపుకు కావలుండు. బుధారం నేను గెలవంగనే ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం వెడ్త. గెలిచినంక నాకేం ఫికర్?" అన్నాడట.

నేను ఆ మాట విని ఎగిరి పడ్డాను. "పోకు నాగేందర్! ఎన్నటికీ పెట్టడు."

"ఆయన పెడ్తనన్నడు గదన్న" అని వెళ్లిపోయాడు. ఇలాంటివాళ్ల మీద కోపం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

బుధవారం ఎన్నికల అధికారికి విరేచనాలు పట్టుకున్నాయి. ఎన్నిక శుక్రవారానికి వాయిదా పడింది. సంతకమూ శుక్రవారానికే వెళ్లింది.

గురువారం పొద్దున నేనూ నతానియేలూ ట్రిబ్యునల్ మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాం.

"బయలెల్లినవా?"

"కావలి పోస్టు ఇడ్శి ఎట్లొస్తనన్న? నన్ను డ్యూటీ దింపెటోడు లేడు."

"రాకుంటె కేసు కొట్టేస్తరు! ఇంకో పదిహేడేండ్లు గేటు తీసుకుంట నిలబడ్తవా?"

అవతల ఒకటి, రెండు అని డైరెక్టర్లను లెక్కబెట్టడం వినబడింది. తర్వాత "పోస్టు ఇడ్వరాదు, గాని పోస్టును తీస్కరావొద్దని యాడ లేదు గదన్న" అని పెట్టేశాడు.

పదిన్నరకు ఆవరణలోకి సొసైటీ పాల వ్యాను వచ్చింది. వెనక తలుపు తీసి నాగేందర్ దూకాడు. అతని వెనక ఆరుగురు డైరెక్టర్లు, లుంగీలతో ఇద్దరు, నైట్ ప్యాంటుతో ఒకరు, నోట్లో పుల్లతో శాంతయ్య. నాలుగు రోజుల మటన్‌తో అందరి ముఖాలూ నిగనిగలాడుతున్నాయి. నాగేందర్ వాళ్లను వరసలో నిలబెట్టి లెక్కబెట్టి, హాల్లోకి నడిపించి వెనక బెంచీ మీద కూర్చోబెట్టాడు. మళ్లీ లెక్కబెట్టాడు. ఆ తర్వాతే ముందుకెళ్లి నిలబడ్డాడు.

బెంచ్ మీద ఇద్దరున్నారు. ఒకరు జడ్జి, తెలుగువారే. రెండోవారు మిలిటరీలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన సర్దార్జీ.

"వీళ్లెవరు?" అని జడ్జి వెనక బెంచీ చూపించారు.

"కుటుంబ సభ్యులు" అన్నాడు నతానియేలు. పాపం, ఆ క్షణంలో అంతకుమించి ఏం తోస్తుంది?

"ఆలస్యానికి కారణం?"

నాగేందర్ మడమలు దగ్గరికి జరిపి నిటారుగా నిలబడ్డాడు. నోరు తెరవలేదు. సర్దార్జీ ముందుకు వంగి, అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పవా అని హిందీలో అడిగారు. అడగడంలో కోపం లేదు. నాగేందర్ కంట్లోంచి నీళ్లు కారి మీసంలో ఇంకుతున్నాయి. అయినా చెప్పలేదు. నాకు లేచి అరవాలనిపించింది. జడ్జి కలం చేతిలోకి తీసుకున్నారు.

అప్పుడే తలుపు తోసుకుని ప్రభాకర్ రెడ్డి లోపలికొచ్చాడు. ఫామ్‌హౌస్ వంటమనిషి ఫోన్ చేసినట్టున్నాడు. తను ఉన్నది ఎక్కడో, ఎదురుగా కూర్చున్నది ఎవరో ఆయనకు కనబడలేదు. కనబడింది వెనక బెంచీ ఒక్కటే.

"ఒరే నాగేందర్! ఎవనికి అమ్ముడువోయినవ్ రా? నా క్యాంపునే ఎత్కొస్తవా? ఇరవై నాలుగేండ్ల సంది నా క్యాంపులకు నువ్వే గదరా కావలి! రెండువేల ఒకటిల పన్నెండు దినాలు నిలవెట్టిన, ఒక్కన్ని పోనియ్యలే నువ్వు! ఆ ఎన్కటి మూడు క్యాంపులల్ల గూడ గంతే! మిలిటరోల్లు ఎంబడే రమ్మని టెలిగ్రాం తార్లు గొడ్తె మీ ఇంటోల్లు నా చేతికిచ్చిండ్రు. నీకు సూపియ్యకుండ జేబుల వెట్టుకున్న, నువ్వు పోతవని! గంత నమ్మిన నిన్ను!"

నాగేందర్ మెల్లగా వెనక్కి తిరిగాడు.

"తార్లొచ్చినయా అన్నా?" అన్నాడు.

ప్రభాకర్ రెడ్డికి అప్పుడు తెలివొచ్చింది. కానీ జడ్జి అప్పటికే ఆయన్ను బోనులోకి పిలిచి, పేరు, తండ్రి పేరు అడిగి, ప్రమాణం చేయించి, అన్నమాటలన్నీ మళ్లీ అనిపించారు. నతానియేలు సర్దార్జీకి ఒక్కో మాటా హిందీలో చెప్పాడు. పాల సొసైటీ అన్నచోట ఆయన రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు. గంటలో ఉత్తర్వు చదివారు. నాగేందర్‌ను గౌరవంగా విడుదల చేసినట్టు పరిగణించాలి, నడవడిక గడిలో మంచిది అని రాయాలి. సర్దార్జీ లేచి నిలబడి నాగేందర్‌కు చెయ్యిచ్చారు. నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

బయటికొచ్చాక నాగేందర్ డైరెక్టర్లను వరసలో నిలబెట్టి లెక్కబెట్టాడు. ఐదుగురు. మళ్లీ లెక్కబెట్టాడు. ఐదుగురే.

ఒంటేలుకని లేచిన శాంతయ్య తిరిగి రాలేదు. నడుం దగ్గర దాచుకున్న ఇంకో ఫోన్ తీసి మాట్లాడాడని, గేటు బయట కారొచ్చి ఎక్కించుకుపోయిందని ట్రిబ్యునల్ కాపలా మనిషి చెప్పాడు. అది అవతలి వర్గం కారే. ప్రభాకర్ రెడ్డి మెట్ల మీద కూలబడ్డాడు. ఐదు ఓట్లతో ఎవరూ చైర్మన్ కారు.

నాగేందర్ మూత్రశాల, క్యాంటీను, వెనక గోడ అన్నీ పరుగెత్తి వెతికొచ్చాడు. రొప్పుతూ నా ముందు నిలబడ్డాడు. ఉత్తర్వు కాపీ ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇరవై నాలుగేండ్లల ఒక్కడు పోలేదన్న. ఇయ్యాల నా గురించి మంచిగ చెప్తుంటె ఇనుకుంట నిలవడ్డ. ఎన్క బెంచీ దిక్కు సూడలే. ఒక అర్జీ టైపు చెయ్యన్న. డ్యూటీల మనిషిని పోగొట్టిండు, ఇయ్యాల్టి తారీకుతోని ఒక ఎర్ర రాత రాయుండ్రని."

"పిచ్చా నీకు? తార్లు దాచిపెట్టినోని కోసం రాయించుకుంటవా?"

"ఆయన కోసం గాదు. ఆ నాలుగు నాయి గావన్న. ఇదొక్కటి నాది."

నేను టైపు చేయనన్నాను. అతను బతిమాలలేదు. మెట్ల మీది ప్రభాకర్ రెడ్డిని దాటుకుంటూ వెళ్లి, మిగిలిన ఐదుగురినీ ఒక్కొక్కరిగా వ్యాను ఎక్కించి, తలుపు వేసి గడియ లాగి చూశాడు.

"వస్తనన్న. రేపటిదాక డ్యూటీ ఉన్నది" అన్నాడు.